వంటింటి నైట్ షిఫ్టు

సికింద్రాబాదులో నేను మూడు రకాల వంటిళ్ళు చూశాను. లాలాగూడ రైల్వే క్వార్టర్లో మసి పట్టిన చిన్న గది, సీతాఫల్‌మండిలో షాబాద్ బండలు పరిచిన అద్దె పోర్షను, ఇప్పుడు పద్మారావునగర్‌లో సొరుగులూ తలుపులూ తళతళలాడే మాడ్యులర్ కిచెన్. గోడలు మారాయి, గట్టు మారింది, పొయ్యి మారింది. రాత్రి లైటు వేస్తే పరుగెత్తే బొద్దింకలు మాత్రం మారలేదు. రైల్వేలో పనిచేసినదాన్ని, నైట్ షిఫ్టు సంగతి నాకు తెలుసు. మనం డ్యూటీ దిగగానే అవి డ్యూటీ ఎక్కుతాయి. "ఏం చేసి వదిలించుకున్నావు పెద్దమ్మా?" అని మా ఇంటి ఆడపిల్లలూ కోడళ్ళూ ఫోన్లు చేస్తుంటారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పే ఓపిక తగ్గింది. అందుకని ఒకేసారి రాసి పెడుతున్నాను.

1. ముందు ఏ బొద్దింకో తేల్చుకోండి

మన ఇళ్ళల్లో తిరిగేవి ముఖ్యంగా రెండు జాతులు. ఎర్రగోధుమ రంగులో నాలుగు సెంటీమీటర్ల దాకా పెరిగే పెద్దది అమెరికన్ బొద్దింక. దాని కాపురం మ్యాన్‌హోళ్ళలో, మోరీల్లో, బాత్రూం గొట్టాల్లో. వానలకు డ్రైనేజీ నిండితే అది మెట్లెక్కి వస్తుంది. ఉక్కపోసే రాత్రుల్లో ఎగిరి మీద వాలి పిల్లల్ని హడలగొట్టేది కూడా ఇదే. రెండోది ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మించని చిన్నది. లేత గోధుమ రంగు, తల వెనకాల పక్కపక్కన రెండు నల్ల చారలు. దీన్ని జర్మన్ బొద్దింక అంటారు. మోరీతో దీనికి పనిలేదు. ఫ్రిజ్ వెనక, మిక్సీ అడుగున, అల్మారా కబ్జాల్లో పుట్టి అక్కడే పెరిగి అక్కడే చస్తుంది.

పెద్దవి కనిపిస్తే దారులు మూయాలి. చిన్నవి కనిపిస్తే మేత పెట్టి చంపాలి. ఈ తేడా తెలియక పెద్దవాటికి జెల్లు పెట్టి, చిన్నవాటి కోసం మోరీలో ఫినాయిల్ పోసి, రెండూ పనిచేయలేదని విసుక్కునే ఇళ్ళు చాలా ఉన్నాయి.

అన్నట్టు జర్మన్ బొద్దింకది జర్మనీ కాదు, అమెరికన్ బొద్దింకది అమెరికా కాదు. పెద్దది ఆఫ్రికా నుంచి ఓడలెక్కి లోకమంతా పాకింది. చిన్నది సుమారు 2,100 ఏళ్ళ కిందట భారతదేశంలోనో మయన్మార్‌లోనో ఒక ఆసియా బొద్దింక నుంచి విడివడి, మనుషుల ఇళ్ళకు అలవాటు పడిందని జన్యు పరిశోధకులు 2024లో తేల్చారు. పరాయి పురుగని తిట్టుకోవడానికి కూడా లేదు, అది మన ఇలాకాదే.

2. కొట్టేముందు చూడాలి

1897 ఆగస్టు 20న మన బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి, మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట. ఆ పనికే 1902లో నోబెల్ వచ్చింది. ఆయన కూర్చుని చూసిన భవనం ఇప్పటికీ ఉంది. అంత ఓపిక మనకు అక్కర్లేదు, ఒక్క రాత్రి చాలు.

పదకొండు దాటాక, వంటిల్లు చీకటి చేసిన ఓ గంటకు టార్చి పట్టుకుని వెళ్ళండి. టార్చికి ఎర్రటి జిలుగు కాగితం చుడితే మరీ మంచిది, ఎరుపు వెలుతురు వాటికి సరిగా కనపడదు. ఎన్ని ఉన్నాయని కాదు, ఎటు పోతున్నాయో చూడండి. దూరిన చోటే గూడు. మర్నాడు పగలు అక్కడ వెతికితే గుర్తులు దొరుకుతాయి. మిక్సీని తిరగేసి చూడండి. రబ్బరు కాళ్ళ చుట్టూ, గాలి ఆడే కన్నాల అంచున నల్లటి సన్నటి నలకలు అంటుకుని ఉంటాయి. గోటితో గీకితే పొడిలా రాలవు, తడిగుడ్డ పెడితే మరక సాగుతుంది. అది వాటి రెట్ట. పక్కనే ఉల్లిపొరలాంటి విడిచిన చర్మాలుంటాయి. చిన్న సంచిలా గోధుమ రంగు గుడ్ల పెట్టె దొరికిందంటే కుటుంబం కుదురుకున్నట్టే. జర్మన్ బొద్దింక ఒక్కో పెట్టెలో ముప్పై నలభై గుడ్లుంటాయి. పొదిగేదాకా తల్లి దాన్ని తోకకు తగిలించుకునే తిరుగుతుంది.

పట్టపగలు కూడా కనిపిస్తున్నాయంటే సందుల్లో చోటు చాలడం లేదని అర్థం.

3. తిండి తర్వాత, ముందు నీళ్ళు ఆపండి

అందరూ గట్టు మీద మెతుకులు ఏరుతారు. మంచిదే. కానీ నీళ్ళుంటే జర్మన్ బొద్దింక తిండి లేకుండా నెల పైన లాగుతుంది. నీళ్ళు లేకపోతే పక్కన లడ్డూ పెట్టినా రెండు వారాలు దాటడం కష్టం. అంటే దాని ప్రాణం తడి మీద ఆధారపడి ఉంది.

మన ఊళ్ళో చాలా పేటల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అందుకని ప్రతి వంటింట్లోనూ డ్రమ్ములు, బిందెలు, బకెట్లు. మూత సరిగా పడని డ్రమ్ము అంచు, బిందె కింద తడి చుట్టుకుదురు, నల్లా కింద ఎప్పుడూ ఆరని మూల, అన్నీ వాటికి చలివేంద్రాలే. పట్టి పెట్టుకోవడం తప్పదు, నేనూ పట్టేదాన్నే. అయితే డ్రమ్ముకు మూత బిగువుగా ఉండాలి, అడుగున రెండు ఇటుకలు పెట్టి ఎత్తాలి, కింద నేల ఆరాలి.

ఎవరికీ తట్టని తడి ఇంకా మూడు చోట్ల ఉంటుంది. ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద నీళ్ళు చేరే ట్రే ఒకటి. వెచ్చదనం, చీకటి, నీళ్ళు మూడూ ఒక్కచోటే. దాన్ని తీసి కడిగినవాళ్ళు మా బిల్డింగులో ఎంతమందో నాకు తెలియదు గానీ, అలాంటి ట్రే ఒకటుందని నేను చెప్తే తెల్లబోయినవాళ్ళు మాత్రం బోలెడుమంది. రెండోది నీళ్ళ ఫిల్టరు డబ్బా. గోడకు తగిలించి, లోపల సన్నగా కారుతూ, మోటారు వేడితో వెచ్చగా ఉంటుంది. సర్వీసుకు వచ్చిన కుర్రాడు మూత తీసినప్పుడు మీరు పక్కనే ఉండి చూడండి. మూడోది గిన్నెలు తోమే పీచు, గట్టు తుడిచే గుడ్డ. రాత్రంతా సింకులో ముద్దగా పడి ఉంటాయి. పిండి బయట ఆరేయండి.

అంట్ల సంగతి వేరే. మా పనమ్మాయి "రాత్రి గిన్నెలు నానబెట్టుండ్రి అమ్మా, పొద్దుగాల జల్దీ అయితది" అనేది. ఆమె బాధ ఆమెది, నాలుగిళ్ళు తిరగాలి. అలాగని సింకు నిండా పప్పు నీళ్ళు వదిలితే రాత్రికి విందు భోజనమే. చివరికి ఒక రాజీ కుదిరింది. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో సబ్బు నీళ్ళు పోసి గిన్నెలన్నీ అందులో ముంచి మూత పెట్టేస్తాను. సింకు మాత్రం పడుకునేముందు పొడిగుడ్డతో తుడిచి, జాలీ మీద పాత స్టీలు పళ్ళెం బోర్లిస్తాను.

4. సందులు: రూపాయి నాణెం పట్టుకుని తిరగండి

పెద్ద జర్మన్ బొద్దింకకు ఇష్టమైన సందు అయిదు మిల్లీమీటర్లు, అంటే మూడు నాలుగు రూపాయి నాణేలు పేర్చినంత. వీపూ పొట్టా రెండూ గోడకు తగులుతుంటేనే దానికి నిశ్చింత. ఇప్పుడే పొదిగిన పిల్లకు ఒక్క రూపాయి మందం చాలు. నాణెం దూరే సందు ప్రతిదీ మూయాల్సిందే.

పాత ఇళ్ళల్లో కడప బండల అరలుంటాయి. బండ గోడలోకి దిగినచోట సిమెంటు రాలి నెర్రె పడుతుంది. కాస్త తెల్ల సిమెంటు కలిపి చాకు మొనతో నింపితే అరగంట పని. షాబాద్ బండల అతుకులూ అంతే. స్విచ్‌బోర్డు చుట్టూ, చిమ్నీ గొట్టం గోడ దాటే చోట, గ్యాసు పైపు గట్టులోంచి దిగే కన్నం దగ్గర ఎమ్-సీల్ గానీ సిలికాన్ గానీ పెట్టించండి.

అసలు దొంగదారి సింకు కింద ఉంటుంది. సింకు నుంచి మడతల ప్లాస్టిక్ గొట్టం దిగి, గోడలోనో నేలలోనో ఉన్న లావుపాటి పైపులో ఊరికే దోపి ఉంటుంది. గొట్టం సన్నం, పైపు వెడల్పు. చుట్టూ మిగిలిన ఖాళీలోంచే మోరీ బొద్దింక తిన్నగా వంటింట్లోకి వస్తుంది. దానికి రబ్బరు వాషరు దొరుకుతుంది. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో గొట్టం ముక్క చూపించి అడిగితే సరిపోయేది ఇస్తారు. పనిలో పనిగా బాత్రూములకు బొద్దింక జాలీలు కూడా తెచ్చుకోండి.

బాత్రూం నేలలో నానీ ట్రాప్ అని ఉంటుంది. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలిచి, కింద నుంచి వాసననూ పురుగునూ ఆపుతాయి. పిల్లలు అమెరికా వెళ్ళిపోయాక వాడని బాత్రూం ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంది కదా. ఎండాకాలంలో అక్కడ ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, తలుపు తెరిచినట్టే. వారానికోసారి రెండు చెంబుల నీళ్ళు పోస్తే చాలు, దీనికి ఏ మందూ సాటి రాదు.

కొత్తగా మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవాళ్ళకు ఒక మాట. పెట్టెకూ గోడకూ మధ్య వడ్రంగి వదిలే ఖాళీని అడిగి మూయించండి. కింద కాళ్ళు దాచే అడ్డపట్టీ ఊడదీసి కడగడానికి వీలుగా ఉండాలి. సింకు కింద తలుపు పెట్టించవద్దని నా సలహా. గాలీ వెలుతురూ తగిలే చోట తడి నిలవదు, లీకైనా వెంటనే కనిపిస్తుంది. "షో పోతుంది ఆంటీ" అన్నాడు మా ఇంటికి వచ్చిన డిజైనరు అబ్బాయి. పోనివ్వమన్నాను.

5. అట్టపెట్టె ఇంట్లోకి రాకూడదు

మోండా మార్కెట్ నుంచి గోనెసంచి, కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టె, ఆన్‌లైన్ పార్శిళ్ళు, ఎవరో ఇచ్చిన పాత ఫ్రిజ్, పాత అవెన్. జర్మన్ బొద్దింక వీధిలోంచి నడిచి రాదు, ఇలా సామాను మీద ఊరేగుతూ వస్తుంది. అట్ట మడతల్లో గుడ్ల పెట్టె ఉన్నా కనిపించదు, పైగా అట్టకు వాడే జిగురు కూడా వాటికి తిండే. సామాను గుమ్మం బయటే విప్పి, పెట్టె అక్కడే చెత్త ఆటోకు వదిలేయండి. వంటింట్లో ప్లాస్టిక్ సంచుల కట్ట, పాత పేపర్ల దొంతర దాచుకునే అలవాటు మానండి. ఇది నా కోడళ్ళకంటే మా తరానికే ఎక్కువ చెప్పాల్సిన మాట.

6. స్ప్రే కొడితే కసి తీరుతుంది, పురుగు తీరదు

ఎర్ర డబ్బా తీసుకుని కనిపించినదాన్ని కనిపించినట్టు తడిపేస్తే హాయిగానే ఉంటుంది. కనిపించేవి మాత్రం ఉన్నవాటిలో కొన్నే. మిగతావి ఆ ఘాటుకు చెదిరి పక్క గదిలో బీరువా వెనక్కీ, పూజ గదిలోకీ, పక్క ఫ్లాట్లోకీ పోతాయి. గుడ్ల పెట్టె గట్టి తొడుగులో ఉంటుంది, మందు లోపలికి ఇంకదు. పెద్దవి చచ్చినా తర్వాత పిల్లలు బయటికి వస్తాయి. పైగా తరతరాలుగా ఈ మందులు తగిలి తగిలి వాటికి అలవాటైపోయింది. ఒక మందును తట్టుకున్న జర్మన్ బొద్దింకల సంతానం తాము ఎన్నడూ ఎరగని వేరే మందును కూడా తట్టుకోగలదని అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో చూపించారు.

ఆ డబ్బాలో ఉండేది మండే వాయువు. వెలుగుతున్న పొయ్యి దగ్గర, గ్యాసు లీకు అనుమానం ఉన్నచోట దాని జోలికి పోవద్దు. కళ్ళముందు ఒకటి పరుగెడుతుంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు సీసాలో పోసి చిమ్మండి. బొద్దింక ఒంటికి రెండు పక్కలా ఉండే సన్నటి రంధ్రాలతో గాలి పీలుస్తుంది. సబ్బు నీళ్ళు ఆ రంధ్రాల్ని మూసేస్తాయి. క్షణాల్లో తిరగబడుతుంది, గిన్నెలకు విషమూ అంటదు.

7. జెల్లు: చుక్క చిన్నది, ఓపిక పెద్దది

చిన్న బొద్దింకలకు నేను నమ్మేది ఇదొక్కటే. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు కలిపిన తీపి ముద్ద సిరంజిలో వస్తుంది. గొప్పతనం అది చంపడంలో లేదు, వెంటనే చంపకపోవడంలో ఉంది. తిన్న బొద్దింక గూటికి వెళ్ళి చస్తుంది. బయటికి రాని పిల్లలు పెద్దవాటి రెట్టనే తింటాయి, చచ్చినదాన్ని కూడా తింటాయి. ఆ విషం అలా ఒకదాన్నుంచి ఒకదానికి చేరుతుంది. మన చెయ్యి దూరని సందులోకి వాటి చేతే మందు మోయిస్తున్నామన్నమాట.

పెట్టడంలోనే అందరూ తేలిపోతారు. టూత్‌పేస్టులా పొడుగ్గా గీస్తారు. అలా కాదు, కందిగింజంత చుక్కలు ఎక్కువచోట్ల పెట్టాలి. టార్చి రాత్రి గూడు ఎక్కడో చూశారు కదా, దాని పక్కనే. తలుపు కబ్జాల లోపల, సొరుగు పట్టాల వెనక చివర, ఫ్రిజ్ తలుపు రబ్బరు కింద మూల, గ్యాసు స్టవ్ అడుగున వెనక కాళ్ళ దగ్గర, సింకు కింద గొట్టం పక్కన. గూటికి అడుగు దూరంలో పెట్టినా అవి నడిచి రావడానికి బద్ధకిస్తాయి. తుడిచే చోట, తడి తగిలే చోట, గిన్నెలు పెట్టే చోట మాత్రం వద్దు.

జెల్లు పెట్టాక అక్కడ స్ప్రే, ఫినాయిల్ కొట్టకూడదు. ఘాటు తగిలిన మేతను అవి ముట్టవు. ఇంట్లో ఒకరు జెల్లు పెట్టడం, ఇంకొకరు రాత్రి లేచి స్ప్రే కొట్టడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. డబ్బు దండగ. పనమ్మాయికి కూడా చుక్కలు ఎక్కడున్నాయో చూపించి చెప్పండి, లేదంటే పాపం మరక అనుకుని శుభ్రంగా తుడిచేస్తుంది.

మొదటి వారం ఎక్కువ కనిపిస్తాయి, పగలు కూడా తూలుతూ బయటికి వస్తాయి. గాభరాపడి ఎర్ర డబ్బా తీయవద్దు. మూడు నాలుగు వారాలకు పొదిగిన కొత్త పిల్లలు మేతకు వస్తాయి, ఎండిన చుక్కలు వాటికి రుచించవు. కాబట్టి మళ్ళీ తాజాగా పెట్టాలి. మూడోసారి కూడా పెట్టినవాళ్ళ ఇళ్ళే ఖాళీ అవుతాయి. ఆషాఢంలో బోనాలకు చుట్టాలు వస్తారనుకుంటే, ఆ ముందు వారం హడావుడి పడకుండా మృగశిర కార్తెకే మొదలుపెట్టండి.

ఒకే కంపెనీ జెల్లు ఏడాది పొడుగునా వాడితే ఒక చిక్కుంది. అమెరికాలో ఫ్లోరిడాలో కొన్ని అపార్ట్‌మెంట్లలో జర్మన్ బొద్దింకలు మేత ముట్టడం మానేశాయి. జూల్స్ సిల్వర్‌మన్ అనే శాస్త్రవేత్త చూస్తే, అవి మందును కాదు, అందులోని గ్లూకోజునే అసహ్యించుకుంటున్నాయి. 1993లో ఆయన దీన్ని ప్రచురించారు. ఇరవై ఏళ్ళ తర్వాత 2013లో నార్త్ కరోలినా వాళ్ళు కారణం కనిపెట్టారు. ఆ బొద్దింకల నోటికి గ్లూకోజు చేదుగా తగులుతోంది! తీపి తిన్నవి చచ్చాయి, చేదనిపించినవి బతికి పిల్లల్ని కన్నాయి. అందుకని రెండు దఫాలయ్యాక మందు పేరు, కంపెనీ రెండూ మార్చండి. పేరు అంటే డబ్బా మీద పెద్దక్షరాలది కాదు, వెనకాల చిన్నక్షరాల్లో ఉండేది.

8. బోరిక్ పొడి

క్యారమ్స్ ఆడే పిల్లలున్న ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన పొడే. మెడికల్ షాపుల్లోనూ దొరుకుతుంది. ఈ పొడిలో గోధుమపిండి, పంచదార, కాస్త పాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపి శనగగింజంత ఉండలు చేసి సందుల్లో పెట్టేది మా అత్తగారు. పనిచేస్తుంది, నిదానంగా. పొడిగా చల్లాలనుకుంటే కంటికి కనిపించీ కనిపించనంత పల్చగా చల్లాలి. గుట్టగా పోస్తే అవి చుట్టూ తిరిగి వెళ్ళిపోతాయి. తడిస్తే పనిచేయదు.

ఇంట్లో ఉండే పొడే కదా అని తేలిగ్గా తీసుకోకండి. పాకే పిల్లలున్న ఇంట్లో, కుక్కా పిల్లీ ఉన్న ఇంట్లో ఆ ఉండలు చెయ్యి అందని చోటే ఉండాలి. పిండి ఉండ కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కలిపిన గిన్నెను మళ్ళీ వంటకు వాడకండి, ఉప్పు డబ్బా పక్కన ఆ పొట్లం పెట్టకండి.

9. బిర్యానీ ఆకు

బిర్యానీలో వేయండి. లవంగాలు, కర్పూరం, దోసకాయ తొక్కలు, వేపాకు, వీటిల్లో ఘాటున్నవి మహా అయితే ఆ అరలోంచి ఈ అరలోకి తోలుతాయి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం పప్పుల డబ్బాల మధ్య పడేయవద్దు, పసిపిల్లల బట్టల్లో అసలే వద్దు. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు వాటివల్ల రక్తకణాలు చితికిపోతాయి.

10. విషం కొనేముందు రంగు చూడండి

మన దేశంలో పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది, నిబంధనలు 1971లో. వాటి ప్రకారం ప్రతి డబ్బా మీదా ఏటవాలు చతురస్రంలో ఒక రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. వంటింట్లోకి ఎరుపు, పసుపు రానివ్వకండి. చదువు రానివాళ్ళకు కూడా అర్థం కావాలనే ఆ రంగులు పెట్టారు, చదువుకున్నవాళ్ళమే చూడం.

ఒకప్పుడు పొలం మందుల దుకాణంలో నువాన్ తెచ్చి, నీళ్ళలో కలిపి వంటింటి మూలల్లో కొట్టేవాళ్ళు. అందులో ఉండేది డైక్లోర్వాస్. ఘాటుకు బొద్దింకలే కాదు, బల్లులూ రాలేవి, మనుషులకు తల తిరిగేది. ప్రభుత్వం దాన్ని 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించింది. పాత సీసా ఎవరి అటకమీదైనా ఉంటే వంటింట్లో వాడే ఆలోచన పెట్టుకోకండి. మందు సుద్దముక్కతో గీతలు గీసే అలవాటు కూడా నాకు నచ్చదు. అది చూడటానికి పలక మీద రాసుకునే సుద్దలాగే ఉంటుంది, అదే దానితో భయం.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిస్తే లైసెన్సు చూపించమనండి. ఆ లైసెన్సుకు శిక్షణ ఉండాలి, అలాంటి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఒకటి మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఏ మందు కొడుతున్నారో పేరు కాగితం మీద రాయించుకోండి. పేరు చెప్పకుండా "హెర్బల్ మేడమ్, వాసనే రాదు" అనేవాణ్ని గుమ్మంలోంచే పంపేయండి.

11. దగ్గు

పిల్లాడికి ఆయాసం వస్తే మృగశిర కార్తెనాడు చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బారులు తీరతాం. ఎవరి నమ్మకం వాళ్ళది, నేను కాదనను. కానీ ఇంటికొచ్చాక ఫ్రిజ్ వెనక కూడా ఒకసారి చూడండి. బొద్దింక రెట్ట, ఉమ్మి, రాలిన చర్మం పొడై గాల్లో కలిసి ఆస్తమా ఉన్న పిల్లలకు ఆయాసం రేపుతాయని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. బొద్దింకలు పోయినా ఆ పొడి నెలల తరబడి ఉంటుంది. చీపురుతో ఊడ్చి లేపకుండా సబ్బు నీళ్ళ గుడ్డతో తుడవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుని.

12. సిగ్గు పడితే బిల్డింగంతా పాకుతాయి

ఇన్నీ చేసినా మా ఫ్లాట్లో రెండు నెలలకోసారి మళ్ళీ కనిపించేవి. అపార్ట్‌మెంట్లో సింకు గొట్టాలన్నీ ఒకే షాఫ్టులో దిగుతాయి. పైనుంచి కిందికి ఒక వరసలో ఉన్న వంటిళ్ళన్నిటికీ అదే గొట్టం. మనం జెల్లు పెడితే చస్తాయి, పై ఇంటివాళ్ళు స్ప్రే కొడితే మనింటికి దిగుతాయి. ఫ్లాట్ నంబర్లు మనకే గానీ వాటికి లేవు.

అసోసియేషన్ మీటింగులో అడిగితే అందరిదీ ఒకటే మాట: "మా ఇంట్లో లేవండీ." బొద్దింకలున్నాయంటే ఇల్లు శుభ్రంగా లేదని ఒప్పుకున్నట్టని వాళ్ళ భయం. రోజుకు రెండుసార్లు గట్టు కడిగే ఇంట్లో కూడా ఫిల్టరు డబ్బాలో కాపురముంటాయి. ఈ మాట పదిమందిలో ఎవరో ఒకరు పైకి అనాలి. అందుకని నేనే లేచి, "మా ఇంట్లో ఉన్నాయి, ఫ్రిజ్ ట్రేలో, మిక్సీ కింద" అని చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూడో అంతస్తు మామీ మడి కట్టుకుని వంట చేసే మనిషి. ఆవిడ మెల్లిగా, "మా దగ్గరా ఉన్నాయి అమ్మా, దేవుడి గదిలో నూనె సీసా వెనకాల. ఎవరికీ చెప్పవద్దని మా ఆయన ఒట్టు వేయించుకున్నారు" అంది. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు. కింద ఫ్లాట్లో కర్రీ పాయింట్ నడిపే కుర్రాడైతే ఫోన్లో ఫోటోలు కూడా చూపించాడు.

అక్కడికక్కడే ఒక ఆదివారం అనుకున్నాం. అన్ని ఫ్లాట్లలో ఒకే రోజు, ఒకే రకం జెల్లు, ఆ నెలంతా ఎవరూ స్ప్రే కొట్టకూడదు. మూడు వారాలకు మళ్ళీ ఒక ఆదివారం. ఖర్చు మెయింటెనెన్సులోంచి. షాఫ్టు కింద పగిలిన చాంబర్ మూత మార్పించడం, వానలకు ముందే మ్యాన్‌హోల్ మూతల చుట్టూ సిమెంటు పూయించడం కూడా అందులోనే. అద్దెకున్నవాళ్ళు "ఓనర్లు పెట్టుకోవాలి" అన్నారు, ఓనర్లు "వాడేది వాళ్ళే కదా" అన్నారు. ఇది మామూలే. సిరంజికి ఎంతవుతుందో లెక్కచెప్తే ఇద్దరూ ఊరుకున్నారు, ఒక సినిమా టికెట్టు కంటే తక్కువ.

ఆదివారం జెల్లు పట్టుకుని బయల్దేరుతుంటే వాచ్‌మన్ ఆపాడు. "అమ్మా, ఇండ్లల్ల పెడ్తుండ్రు మంచిదే. కింద కరెంటు మీటర్ల రూముల సూసిండ్రా? రాత్రి ఆడికెంచే పోతయి అన్ని. నా రూము గూడ దాని పక్కనే." టార్చి వేసి చూస్తే మీటర్ల చెక్క వెనక, వెచ్చగా, పొడిగా, ఎవరూ తుడవని చోట దండిగా ఉన్నాయి. ఇన్నాళ్ళ మీటింగుల్లో అతన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. మీటర్ల దగ్గర స్ప్రే కొట్టకూడదు, కరెంటు నిప్పురవ్వకు ఆ వాయువు అంటుకుంటుంది. తడి అసలే పనికిరాదు. చెక్క బయటి అంచుల వెంబడి, తీగలకు దూరంగా జెల్లు చుక్కలు పెట్టి, తర్వాత అతని గదికి వెళ్ళాం. లిస్టులో మొదటి ఇల్లు ఇప్పుడు అతనిదే.